ఇంటి లోన్‌కి బీమా: బ్యాంకు చేతిలో పెట్టేదా, విడిగా టర్మ్ పాలసీయా?

హోమ్ లోన్ సంతకాల రోజున కాగితాల మధ్యలోంచి ఇంకో ఫారం బయటికొస్తుంది. "రేపు మీకేమైనా అయితే అప్పు ఇంట్లోవాళ్ల నెత్తిన పడకూడదు కదా సార్" అంటారు. మాట నిజమే. మనిషి పోయినా బాకీ పోదు. భార్య కో-అప్లికెంట్ అయితే మొత్తం ఆవిడే కట్టాలి. కాకపోయినా ఇల్లు తనఖాలో ఉంది. కిస్తీలు ఆగి లోన్ మొండి బాకీ అయితే, 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసిచ్చి, అప్పటికీ కట్టకపోతే వేలం దాకా వెళ్లొచ్చు. బీమా ఉండాల్సిందే. కానీ ఆ ఫారమే నింపాలని ఏ చట్టమూ చెప్పదు.

బ్యాంకు ఇచ్చేది సాధారణంగా తగ్గుతూ పోయే కవర్, అంటే మనిషి పోతే బీమా కంపెనీ ఇచ్చే మొత్తం ఏటేటా తగ్గుతుంది. 8.5 శాతానికి 20 ఏళ్ల 40 లక్షల లోన్ తీసుకుంటే, పదేళ్లకు బాకీ దాదాపు 28 లక్షలు. కవరూ ఇంచుమించు అంతకే దిగుతుంది. ప్రీమియం ఒకేసారి కట్టాలి, చేతిలో లేదంటే లోన్‌లో కలిపేస్తారు. అసలు దెబ్బ ఇక్కడే. లక్ష రూపాయల ప్రీమియం కలిపితే కిస్తీ నెలకు 868 పెరుగుతుంది. 20 ఏళ్లలో కట్టేది 2.08 లక్షలు. పైగా కవర్ గడువు లోన్ గడువంత ఉండాలనేమీ లేదు. వడ్డీ తక్కువని లోన్ ఇంకో బ్యాంకుకి మారిస్తే పాలసీ ఏమవుతుందో కూడా ముందే అడగాలి.

విడిగా తీసుకున్న టర్మ్ పాలసీకి, అంటే గడువులోపు మనిషి పోతేనే సొమ్మిచ్చే జీవిత బీమాకి, ఈ గొడవలు లేవు. పదో ఏట కూడా 40 లక్షలు 40 లక్షలే. బ్యాంకుకి 28 కట్టినా 12 లక్షలు ఇంట్లో మిగులుతాయి. వ్యక్తిగత జీవిత బీమా మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. వ్యాపారం చేసేవాళ్లయితే పాలసీ తీసుకునేటప్పుడే 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద పెట్టించండి. ఆ డబ్బు భార్యాపిల్లలదే, భర్త అప్పులవాళ్లు జప్తు చేయించలేరు.

నా ఓటు టర్మ్‌కే. అయితే పెద్దకర్మ కాకముందే చేబదులు అడిగే చుట్టాలున్న ఇల్లయితే, సొమ్ము నేరుగా బ్యాంకుకి వెళ్లే పాలసీయే నయం. షుగరో, గుండె జబ్బో ఉండి టర్మ్ దొరకనివాళ్లకీ అంతే. కానీ జబ్బు దాచొద్దు. మొదటి మూడేళ్లలో కంపెనీ దాన్ని పట్టుకుని క్లెయిమ్ తిప్పికొట్టగలదు.

క్రెడిట్ కార్డు బాకీకి ఇంత ఆలోచన అక్కర్లేదు. వారసులు తమకొచ్చిన ఆస్తి మేరకే బాధ్యులు. హామీ సంతకం పెట్టకపోతే కొడుకు తన జీతంలోంచి కట్టనక్కర్లేదు, ఏజెంటు ఎన్నిసార్లు ఫోన్ చేసినా.

ఇద్దరి జీతాలు చూపించి తీసుకున్న లోన్ అయితే పాలసీ ఇద్దరికీ ఉండాలి. బ్యాంకు ఫారంలో ఒక్కోసారి మొదటి పేరే ఉంటుంది, సంతకానికి ముందు ఆ గడి చూసుకోండి.