హోరు వినపడని పికప్

మొదట నా మాట ఒకటి వెనక్కి తీసుకోవాలి. 2017లో ఈ బండి కొన్న కొత్తలో కనిపించిన ప్రతివారితోనూ ఒకటే చెప్పేవాడిని: డీజిల్ పికప్ అంటే రొద అనుకుంటారు గానీ, ఇది ట్రైలర్ లాగుతున్నా పక్క సీట్లో మనిషి కునుకు తీయవచ్చు అని. ఆ మాట అబద్ధం కాదు. అంత నిశ్శబ్దం ఎందుకో తెలియడానికి మాత్రం నాలుగేళ్లు పట్టింది. ఈలోగా ఒక పెళ్లి మండపం లేకుండా జరగబోయి తప్పింది.

మాది అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలో ఫీనిక్స్ పక్కన. మన పెళ్లిళ్లకు మండపాలు, వేదికలు అలంకరించే పని మాది. స్తంభాలు, పీటలు, తెరలు, పూలకుండీలు అన్నీ సర్దితే ఇరవై నాలుగు అడుగుల ట్రైలర్ నిండిపోతుంది. కాటా వేయిస్తే ట్రైలర్ ఒక్కటే తొమ్మిది వేల పౌండ్ల చిల్లర తూగింది. లాగేది 2006 మోడల్ 'ముప్పావు టన్ను' తరగతి డీజిల్ పికప్, పాతబండిగా కొన్నదే. కంపెనీ పేరు చెప్పను. చెబితే మిగతా రెండు కంపెనీల అభిమానులు నన్ను కూర్చోనివ్వరు. హార్స్‌పవర్ లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను.

2021 జూన్‌లో ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఒక పెళ్లి ఒప్పుకున్నాం. ముహూర్తం ఉదయం 7 గంటల 12 నిమిషాలకు. ముందురోజు మధ్యాహ్నం రెండింటికి బయలుదేరితే సాయంత్రానికి చేరి, పడుకునే వేళకు మండపం నిలబెట్టవచ్చని లెక్క వేశాను. ఫీనిక్స్ ఉన్నది సుమారు 1,100 అడుగుల ఎత్తులో, ఫ్లాగ్‌స్టాఫ్ 6,900 అడుగుల ఎత్తులో. ఐ-17 రహదారి మీద బ్లాక్ కాన్యన్ సిటీ దాటగానే ఒక నిటారు ఎక్కుడు, తరవాత వెర్డే లోయలోకి దిగుడు, అక్కడి నుంచి అంతకంటే పొడవైన ఇంకో ఎక్కుడు. ఆ రోజు ఎండ 112 డిగ్రీలు (ఇక్కడ అన్నీ ఫారెన్‌హీట్ లెక్కే), మన సెల్సియస్ లెక్కలో 44. అంతకుముందు వేసవుల్లో ఊళ్లో చదునైన రోడ్ల మీద తప్ప ట్రైలర్ లాగిందే లేదు. దూరపు పెళ్లిళ్లన్నీ చలికాలంలోనే వచ్చాయి.

మొదటి ఎక్కుడు సగంలో ఏసీ లోంచి వేడిగాలి కొట్టడం మొదలైంది. గ్యాస్ అయిపోయిందేమో అనుకున్నాను. ఉష్ణోగ్రత ముల్లు రోజూలాగే మధ్యలో పడుకుని ఉంది. రెండు నిమిషాల తరవాత అది నిద్రలేచి, ఒక్క ఊపున ఎర్రగీత దాకా పోయింది. ఇంజను శక్తి తగ్గించానని బండి హెచ్చరిక వేసింది. ఎంత తొక్కినా ఇరవై మైళ్ల వేగం దాటలేదు. పక్కకు తీసి ఆపాను.

మా దగ్గర పనిచేసే కుర్రవాడు దూకి, బానెట్ ఎత్తి, తువ్వాలు చుట్టి రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు. "వద్దురా, ఆగు!" అని నేను వేసిన కేకకు అవతల పోతున్న లారీవాడు కూడా తిరిగి చూసి ఉంటాడు. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో మా నాన్నగారి అంబాసిడర్ పొగలు కక్కినప్పుడు, డ్రైవర్ బాబాయి ఇలాగే తడిగుడ్డ వేసి మూత తిప్పి ముంజేయి కాల్చుకున్నాడు. ఆ మచ్చ నాకు ఇప్పటికీ గుర్తు. అది కుక్కర్ మూత లాంటిదే. లోపల చదరపు అంగుళానికి పదిహేను పౌండ్ల దాకా ఒత్తిడిని బిగబట్టి ఉంచుతుంది కాబట్టే నీళ్లూ గ్లైకాలూ సగంసగం కలిపిన కూలెంట్ 260 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణాన ఒత్తిడి పోతుంది, మొత్తం ఒక్కసారిగా మరిగి మొహాన పడుతుంది.

మూత వదిలేసి, ఇంజను నడుస్తూనే ఉంచి, హీటరు ఆఖరిదాకా తిప్పాం. హీటరు కూడా ఇంజను వేడిని లాగేసే చిన్న రేడియేటరే కదా. అంత ఎండలో కిటికీలు దించుకుని, మొహం మీదికి వేడిగాలి కొట్టించుకుంటూ ఇద్దరం ముప్పావు గంట కూర్చున్నాం. ఆ మధ్యలోనే పెళ్లికూతురి తండ్రి ఫోను. "ఏమండీ, బయలుదేరారా?" అంటే "దారిలోనే ఉన్నామండీ" అన్నాను. ఆ మాటా అబద్ధం కాదు. తరవాత పాక్కుంటూ సన్‌సెట్ పాయింట్ విశ్రాంతి స్థలం చేరి, దాని పేరు నిలబెడుతున్నట్టు సూర్యుడు దిగేదాకా అక్కడే ఉండిపోయాం. రెండో ఎక్కుడు చీకట్లో, ఏసీ ఆపి, కింది గేరులో ముప్పై అయిదు మైళ్ల వేగంతో ఎక్కాం. పదకొండున్నరకు చేరి, తెల్లవారుజామున నాలుగింటికి ఆఖరి తెర కట్టాం. పెళ్లివారికి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

తిరిగి వచ్చాక మెకానిక్ చేసిన మొదటి పని, ఇంజను ఆపి ఫ్యాను రెక్కను వేలితో నెట్టడం. గిర్రున మూడు చుట్లు తిరిగింది. "ఇది చచ్చిపోయి చాలాకాలమైంది" అన్నాడు. ఆ ఫ్యాను బెల్టు ద్వారా ఇంజనుతోనే తిరగాలి. కానీ అవసరం లేనప్పుడు ఊరికే శక్తి తినకుండా మధ్యలో ఫ్యాన్ క్లచ్ ఉంటుంది, దాని లోపల చిక్కటి సిలికాన్ నూనె. రేడియేటర్ దాటి వచ్చే గాలి బాగా వేడెక్కినప్పుడు ముందున్న చుట్టల స్ప్రింగు కదిలి లోపలి కవాటం తెరుస్తుంది. నూనె పలకల మధ్యకు చేరి పట్టు బిగుస్తుంది, అప్పుడు ఫ్యాను హోరెత్తుతుంది. నా బండిలో ఆ నూనె ఎప్పుడో కారిపోయింది. క్లచ్ చుట్టూ దుమ్ము పట్టిన జిడ్డు మరక కనబడుతూనే ఉంది. బానెట్ ఎన్నిసార్లు ఎత్తానో, ఒక్కసారీ దాన్ని మరకగా చూడలేదు. నేను పొగిడిన నిశ్శబ్దం ఈ మరకే.

ఇంకో గుర్తు కూడా ఉందట. ఇలాంటి క్లచ్ బాగున్న బండి, రాత్రంతా నిలిచి ఉంటే పొద్దున్న స్టార్ట్ చేయగానే కొద్దిసేపు హోరుమని తరవాత సద్దుమణుగుతుంది, పలకల మధ్యకు జారిన నూనె వెనక్కి పోయేదాకా. నా బండి నాలుగేళ్లలో ఒక్క పొద్దునా అలా అరవలేదు. పొరుగువారు నిద్ర లేవరని అప్పట్లో సంతోషించాను కూడా.

నా అసలు కోపం ఆ ముల్లు మీద. ఇప్పుడు బండి కంప్యూటరులోని అంకెలు చదివే ఓబీడీ పరికరం తగిలించి ఫోనులో అంకెలు చూస్తున్నాను. 190 డిగ్రీలున్నా 225 ఉన్నా నా బండిలో ముల్లు మధ్యలోంచి కదలదు. చిన్న హెచ్చుతగ్గులకు కొనుగోలుదారు కంగారు పడకుండా ఇలా చేస్తారట. వెనక తొమ్మిది వేల పౌండ్లు ఉన్నవాడికి ఆ కంగారే కావాలి. ట్రైలర్ లాగేవారెవరైనా ముందు ఆ పరికరం కొనండి, తరవాతే మిగతా హంగులు.

క్లచ్ విషయంలో నేనూ తప్పు చేశాను. మొదట చవక రకం వేయించాను. అది 228 దాకా పట్టుకునేది కాదు, పట్టుకున్నా గొంతు బొంగురుగా ఉండేది. రెండు నెలలు చూసి అసలు భాగమే వేయించాను. ఇది 215 దగ్గరే అందుకుంటుంది. పనిలో పనిగా ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందు తెరిస్తే పురుగులూ దుమ్మూ కలిసి పలచటి దుప్పటిలా వచ్చాయి. ఎదర నుంచి నీళ్లు కొట్టి కడిగాననుకున్నదంతా బయటి పొర మాత్రమే.

ఇప్పుడు ఎక్కుడు మొదలైన కాసేపటికి విమానం లేస్తున్నట్టు హోరు వస్తుంది. మాటలు వినపడవు, పాటలు వినపడవు. ఫోనులో అంకె 217, 214, 209 అని దిగుతుంటే నాకు ఆ హోరే పాట. మా ఆవిడకు మాత్రం తలనొప్పి. ఫ్యాను పట్టుకున్నంతసేపూ డీజిల్ కొంచెం ఎక్కువే తాగుతుంది, అది దాచను.

బండి మీద నా నమ్మకం కొంత తగ్గిన మాటా నిజమే. కొనేటప్పుడు కరపత్రంలోని లాగుడు బరువు చూసి మురిసిపోయాను. ఇప్పుడు కంపెనీలు పాటించే జె2807 అనే ఉమ్మడి పరీక్ష ఉంది. మా రాష్ట్రంలోనే ఉన్న డేవిస్ డ్యామ్ ఎక్కుడును నమూనాగా పెట్టుకుని, 11.4 మైళ్లు, 100 డిగ్రీల వేడిలో, ఏసీ ఆపకుండా, వేగం ఒక హద్దు కిందికి పడిపోకుండా ఎక్కాలి. ఆ పరీక్ష 2008లో వచ్చింది. నా బండి కరపత్రం అంతకుముందుది, ఎవరి కొలత వారు కొలుచుకున్న రోజులది. కాబట్టి ఆ అంకెలో పాతిక శాతం తగ్గించుకునే సరుకు వేస్తున్నాను.

కొనమంటారా అని అడిగితే, నా సంగతి వేరు. ఏడాదికి ముప్పై పెళ్లిళ్లు, అరిజోనా ఎండ, కొండదారులు. హ్యూస్టన్ దగ్గర చదునైన రోడ్ల మీద ఎప్పుడో ఒకసారి పడవ లాగేవారికి ఈ గోలంతా అవసరమే పడకపోవచ్చు, ఆ నిశ్శబ్దపు బండే నచ్చవచ్చు కూడా. పాతది కొనేవారు మాత్రం పొద్దున్నే, ఇంజను చల్లగా ఉన్నప్పుడు వెళ్లి స్టార్ట్ చేయించుకోండి. వేలితో రెక్క నెట్టి చూడండి, ఇంజను ఆగి ఉండగా.

మొన్న మెకానిక్ వాటర్ పంపు కూడా మార్చేద్దాం అన్నాడు. పెళ్లిళ్ల సీజను అయ్యాక చూద్దాం అన్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు గానీ, ఫ్లాగ్‌స్టాఫ్ పెళ్లి ఫోటో ఒకటి తీసి నా ముందు పెట్టింది.