డుబ్రోవ్నిక్‌లో డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టనక్కర్లేదు

క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్ ఖరీదైన ఊరన్న మాట నిజమే. కానీ ఆ ఖరీదు ఊరంతా ఒకేలా లేదు. కోటగోడల లోపల, గోడలకు ఆనుకుని ఉన్న కొన్ని వీధుల్లో కాఫీ దగ్గర్నుంచి గది అద్దె దాకా అన్నీ మండిపోతుంటాయి. సిటీ బస్సెక్కి పది నిమిషాలు ఇవతలికొస్తే, అదే ఊళ్ళో జనం సంచులు పట్టుకుని మామూలు ధరలకు కూరగాయలు కొనుక్కుంటూ కనిపిస్తారు. నేను మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తాను. విజయవాడ నుంచి వచ్చిన మా అమ్మను తీసుకుని సెప్టెంబర్ చివర్లో వెళ్ళాను. ఈ ఊళ్ళో డబ్బు పెట్టి తీరాల్సింది ఒక్కదానికే, కోటగోడ మీద నడకకి. మిగతావాటికి చాలావరకు చవక దారి ఉంది. కొన్నింటికైతే ఆ చవక దారే మంచి దారి.

ముందు వీసా సంగతి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళకు అసలు టెన్షన్ అక్కడే. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో చేరింది, అదే రోజు నుంచి యూరో కూడా వాడుతోంది. కాబట్టి షెంగెన్ వీసా, చేతిలో యూరోలు ఉన్నవాళ్ళకు వేరే వీసా అక్కర్లేదు, డబ్బు మార్చుకునే పనీ లేదు. అయితే మ్యాప్ చూస్తే ఒక చిక్కు కనబడుతుంది. డుబ్రోవ్నిక్‌కూ మిగతా క్రొయేషియాకూ మధ్య నేఉమ్ అనే చోట బోస్నియా సముద్రం దాకా వచ్చి అడ్డంగా ఉంటుంది. దీనికి పాత కథ ఉంది. అప్పట్లో డుబ్రోవ్నిక్ రగూసా పేరుతో స్వతంత్ర రిపబ్లిక్. వెనిస్ సేనలు నేల మీదుగా తమ మీదకి రాకుండా ఉండాలని, 1699 ఒప్పందంలో రగూసావాళ్ళు తమ సరిహద్దు నేలనే కొంత ఒట్టోమన్ తుర్కులకు వదిలేశారు. ఆ ముక్కే ఇప్పటి బోస్నియా తీరం. బోస్నియా షెంగెన్‌లో లేదు. అమ్మది సింగిల్ ఎంట్రీ వీసా, ఒకసారి బయటికెళ్తే మళ్ళీ లోపలికి రానివ్వరు.

2022 జూలైలో పెల్యెషాత్స్ వంతెన తెరిచాక ఈ చిక్కు తీరింది. 2.4 కిలోమీటర్ల ఆ వంతెన నేఉమ్‌ను తప్పించి, క్రొయేషియా నేల మీదుగానే డుబ్రోవ్నిక్ చేరుస్తుంది. మేము విమానంలో స్ప్లిట్ వరకు వచ్చి అక్కడ్నుంచి బస్సెక్కాం. డుబ్రోవ్నిక్‌కి నేరుగా వెళ్ళే విమానం కంటే ఇలా వస్తేనే మాకు బాగా తక్కువయింది. టికెట్ కొనేటప్పుడు బస్సు వంతెన మీదుగా వెళ్తుందా లేదా అని అడిగి తెలుసుకోండి, ముఖ్యంగా సింగిల్ ఎంట్రీ వాళ్ళు. స్ప్లిట్ నుంచి వచ్చేటప్పుడు కుడివైపు కిటికీ సీటు తీసుకుంటే దారిలో చాలాసేపు సముద్రం పక్కనే ఉంటుంది. పెద్ద సామాను కింద పెట్టడానికి కొన్ని బస్సుల్లో విడిగా డబ్బులు అడుగుతారు, చిల్లర దగ్గర ఉంచుకోండి.

బస విషయంలో నా సలహా ఒక్కటే. కోట లోపల వద్దు, గ్రూజ్‌లో దిగండి. బస్టాండు, ఓడరేవు రెండూ గ్రూజ్‌లోనే ఉన్నాయి, కోట అక్కడికి మూడు కిలోమీటర్ల లోపే. మాకు వంటగదితో ఉన్న చిన్న అపార్ట్‌మెంట్ రాత్రికి 70 యూరోలకు దొరికింది. అవే తేదీలకు కోట లోపల అంతకంటే చిన్న గదికి రెట్టింపు పైన చూపించారు. పైగా కోట లోపల రాత్రి పొద్దుపోయేదాకా హోటళ్ళ సందడి, పొద్దున్నే సామాను బండ్ల చప్పుడు. లాపాద్ వైపు కూడా బాగుంటుంది. సముద్రతీరం, పైన్ చెట్ల నీడ, కార్లు రాని నడక దారి ఉన్నాయి కాబట్టి పిల్లలున్నవాళ్ళకు అదే నయం. కానీ తీరం దగ్గరి హోటళ్ళ వల్ల అద్దెలు గ్రూజ్ కంటే కాస్త ఎక్కువ.

గది బుక్ చేసే ముందు ఇంటివాళ్ళను తప్పకుండా అడగాల్సిన ప్రశ్న: బస్‌స్టాప్ నుంచి మీ ఇంటికి ఎన్ని మెట్లు? ఈ ఊరు కొండవాలు మీద ఉంది. 'స్టాప్ నుంచి నాలుగు నిమిషాలు' అని రాసి ఉంటుంది, ఆ నాలుగు నిమిషాలూ నిట్టనిలువు మెట్లే కావచ్చు. అలా అడిగినందుకే ఒకచోట నూట యాభై మెట్లున్నాయని తెలిసింది. పేజీలో ఆ ముక్క ఎక్కడా లేదు. అమ్మ మోకాళ్ళను తలుచుకుని ఆ గది వదిలేశాను. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు గది ఎంత బాగుందన్నదాని కంటే ఇదే ముఖ్యం.

సిటీ బస్సులు ఈ ఊళ్ళో నిజంగా మంచి సేవ. 1ఎ, 1బి, 3 నంబర్లు గ్రూజ్ వైపు నుంచి కోట ముఖద్వారం 'పిలె' దాకా వెళ్తాయి, లాపాద్ వైపుకు 6 నంబరు. టికెట్ రెండు యూరోల చుట్టూ ఉంటుంది. డ్రైవర్ దగ్గర కంటే కియోస్క్‌లో కొంటే తక్కువ. సాయంత్రం పిలె దగ్గర తిరుగు బస్సు కోసం మాత్రం కిటకిటలాడే జనం ఉంటారు. పెద్ద క్రూయిజ్ ఓడలు వచ్చిన రోజున మరీ ఎక్కువ. 2019 నుంచి ఒకేసారి రెండు ఓడలకు మించి రానివ్వడం లేదు, అయినా ఆ రెండింటి జనమే నాలుగు వేల దాకా ఉండొచ్చు. రేవులోకి ఏ రోజు ఏ ఓడ వస్తుందో ముందుగానే నెట్‌లో పెడతారు. అది చూసుకుని, ఓడలు తక్కువగా ఉన్న రోజున కోటకు వెళ్ళండి. పైసా ఖర్చు లేని ఈ ఒక్క పని వల్ల మా రోజు చాలా హాయిగా గడిచింది.

ఇక కోటగోడ. మేము వెళ్ళినప్పుడు గోడ టికెట్ మనిషికి 40 యూరోలు. ఒక రోజు డుబ్రోవ్నిక్ పాస్ కూడా అంతే. ఆ పాస్‌లో గోడతో పాటు రెక్టర్ భవనం, ఓడల మ్యూజియం, ఫ్రాన్సిస్కన్ మఠం లాంటివి, 24 గంటల సిటీ బస్సు కూడా కలిసి ఉంటాయి. కాబట్టి విడిగా గోడ టికెట్ కొనడంలో అర్థం లేదు. శీతాకాలంలో గోడ టికెట్ ధర బాగా తగ్గుతుంది, చలికి ఓర్చుకోగలిగేవాళ్ళకు అది మంచి సమయం.

ఇద్దరికీ ఎనభై యూరోలు అని లెక్కేసి అమ్మ అక్కడే ఆగిపోయింది.

"గోడ మీద నడవడానికి ఎనిమిది వేలా నాన్నా? కింద నుంచి చూస్తే సరిపోదూ?"

"సరిపోదమ్మా. ఇంత దూరం వచ్చిందే దీనికోసం."

"మరి మెట్లో?"

"మొదట్లోనే ఎక్కువ. ఆ తర్వాత మెల్లగా నడుచుకుంటూ వెళ్ళొచ్చు."

"కొండ మీద దుర్గమ్మ మెట్లెక్కినదాన్ని, ఇవొక లెక్కా! పద."

చుట్టు మొత్తం 1,940 మీటర్లు, ఒకే దిశలో నడవాలి. పిలె దగ్గరి ద్వారం అందరికీ తెలిసింది కాబట్టి క్యూ అంతా అక్కడే. మేము అవతలి వైపు ప్లోచె దగ్గర ఎక్కాం, పొద్దున ఎనిమిదికి గేటు తీయగానే. పెద్దగా జనం లేరు. ఎండ కూడా ఇంకా ముదరలేదు. గోడ మీద నీడ చాలా తక్కువ, కాబట్టి టోపీ, నీళ్ళు మర్చిపోవద్దు. పైన చిన్న చిన్న దుకాణాలున్నాయి కానీ ధరలు చూస్తే దాహం తీరిపోతుంది.

పైనుంచి చూడాల్సింది సముద్రం ఒక్కటే కాదు, ఇళ్ళ పైకప్పులు కూడా. కొన్ని పెంకులు ఎండకూ వానకూ రంగు వెలిసి లేత పసుపు, గోధుమ కలిసినట్టు ఉంటాయి. ఎక్కువ కప్పుల మీద మాత్రం ఒకే తీరుగా ఎర్రనారింజ రంగు పెంకులు. ఆ కొత్త పెంకులు 1991-92 యుద్ధం తర్వాత వేసినవి. యుగోస్లావ్ సైన్యం ఊరిని చుట్టుముట్టి, కొండ మీద నుంచి, సముద్రం మీద నుంచి ఫిరంగులు పేల్చింది. 1991 డిసెంబర్ 6న జరిగిన దాడి అన్నిటికంటే ఘోరమైనది. పాతబస్తీలో మూడింట రెండొంతుల భవనాలకు దెబ్బ తగిలింది. ఎక్కడెక్కడ గుండ్లు పడ్డాయో చూపించే మ్యాప్ కోట ద్వారం దగ్గర గోడకు ఉంటుంది. గోడ ఎక్కే ముందు ఓ నిమిషం దాని ముందు నిలబడండి. ఆ తర్వాత పైనుంచి చూసేటప్పుడు ఆ ఎర్ర రంగు అందంగా మాత్రమే కనిపించదు. అమ్మ చాలాసేపు ఏ ఇల్లు పాతది, ఏ ఇల్లు కొత్తది అని వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది.

మించెతా బురుజు గోడలన్నిటిలో ఎత్తైన చోటు. దాని పైదాకా అమ్మ రాలేదు, కింద నీడలో కూర్చుంది. ఏమీ నష్టం లేదు, గోడ మీద నుంచే దాదాపు అదంతా కనిపిస్తుంది. కూర్చుంటూ లేస్తూ మాకు రెండున్నర గంటలు పట్టింది. కిందకి దిగాక, "ఎనిమిది వేలకి తగ్గట్టే ఉందిరా" అంది. నాకూ అదే అనిపించింది.

పాస్ ఉంది కదా అని మ్యూజియాలన్నీ తిరగనక్కర్లేదు. రెక్టర్ భవనం చూడండి. రెక్టర్ అంటే పాత రగూసా రిపబ్లిక్ అధిపతి, పదవీకాలం ఒక్క నెల. ఆ నెలంతా ఆ భవనంలోనే ఉండాలి, అధికారిక పని లేకుండా బయటికి రాకూడదు. లోపల ఒక ద్వారం పైన లాటిన్‌లో 'సొంత సంగతులు మరిచి ప్రజల సంగతులు చూడండి' అని చెక్కి ఉంటుంది. దాని ముందు నుంచి కదలడానికి నాకు మనసు రాలేదు. ఫ్రాన్సిస్కన్ మఠంలోని మందుల దుకాణం 1317 నాటిది, ఇప్పటికీ నడుస్తోంది. పాత పద్ధతుల్లో చేసిన క్రీములు అమ్ముతారు. బంధువులకు తీసుకెళ్ళడానికి ఫ్రిజ్ మాగ్నెట్ల కంటే అవి వెయ్యి రెట్లు నయం. ఓడల మ్యూజియం ఆసక్తి ఉంటేనే చూడండి.

నీళ్ళ సీసాలు కొనకండి. పిలె ద్వారం దాటగానే ఉన్న గుండ్రటి పెద్ద ఫౌంటెన్ ఒనోఫ్రియో అనే ఇటాలియన్ ఇంజనీరు కట్టింది, 1438లో మొదలుపెట్టాడు. పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఊటల నుంచి కాలువ తవ్వి ఊళ్ళోకి నీళ్ళు తెచ్చాడు. ఇప్పటికీ ఆ చుట్టూ ఉన్న రాతి ముఖాల నోళ్ళలోంచి తాగే నీళ్ళు వస్తాయి, చల్లగా, రుచిగా. అందరూ సీసాలు నింపుకుంటారు. మనమూ నింపుకోవడమే.

తిండి దగ్గర శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. పాతబస్తీ సందుల్లో ఒక హోటల్లో 'కూరగాయల రిసొట్టో' (ఇటలీ తరహా అన్నం వంటకం) అని మెనూలో ఉంటే, అందులో చేపల రసం వెయ్యరు కదా అని అడిగాం. లేదన్నాడు. తెచ్చి పెట్టాక వాసనే వేరుగా ఉంది. గట్టిగా అడిగితే వంటింట్లోకి వెళ్ళొచ్చి, ఉందని ఒప్పుకున్నాడు. అమ్మ ఆ పూట రొట్టె తిని సరిపెట్టుకుంది, ఆ రొట్టెకు కూడా బిల్లులో 'కూవర్' పేరుతో విడిగా డబ్బు వేశారు. అడిగిన మనిషికి అబద్ధం చెప్పి పెట్టడం మాత్రం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

ఆ తర్వాత మా దారి మార్చాం. గ్రూజ్ రేవు పక్కన పొద్దున పూట కూరగాయల మార్కెట్ ఉంటుంది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్ళు టొమాటోలు, అంజీర్ పళ్ళు, ద్రాక్ష, ఆకుకూరలు అమ్ముతారు. అక్కడ కొని గదిలో వండుకున్నాం. బియ్యం, పప్పు సూపర్ మార్కెట్లో దొరికాయి, ఆవకాయ అమ్మ దగ్గర ఎలాగూ ఉంది. ఇక్కడి వాళ్ళు 'బ్లిత్వా' అనే ఆకుకూరను బంగాళాదుంప, వెల్లుల్లి, ఆలివ్ నూనెతో వండుతారు. మార్కెట్లో అదే ఆకు కొని అమ్మ తన పద్ధతిలో ఎండుమిర్చి వేసి చేసింది, బ్రహ్మాండంగా కుదిరింది. బయట తినాలంటే 'పెకారా' అని బోర్డు ఉన్న బేకరీల్లో వేడివేడిగా పొరల రొట్టెలు దొరుకుతాయి. మాంసం ఉండేది బురెక్, జున్నులాంటి చీజ్ ఉండేది సిర్నిట్సా. అయితే చీజ్ ఉన్నదాన్ని కూడా చాలాచోట్ల బురెక్ అనే పిలుస్తారు కాబట్టి లోపల ఏముందో అడిగి తీసుకోండి. ఐదు యూరోల లోపు కడుపు నిండుతుంది.

ఊరి వెనకున్న స్ర్జ్ కొండ ఎత్తు 412 మీటర్లు. కేబుల్ కార్ రానూపోనూ మనిషికి పాతిక యూరోలు దాటుతుంది, ప్రయాణం కొన్ని నిమిషాలే. ఆ ధరకు అది తగదు. 17 నంబరు సిటీ బస్సు కొండ మీదున్న బొసాంకా అనే పల్లె దాకా వెళ్తుంది. అక్కడ్నుంచి శిఖరానికి అరగంట నడక, పెద్దగా ఎక్కుడు లేదు. రోజుకు కొన్ని బస్సులే ఉన్నాయి కాబట్టి వేళలు చూసుకోవాలి. మేము అలాగే వెళ్ళాం. పైన నెపోలియన్ సైన్యం కట్టిన ఇంపీరియల్ కోటలో ఇప్పుడు 1990ల యుద్ధం మ్యూజియం ఉంది. ఊరిని చివరిదాకా కాపాడుకున్న చోటే అది. కుర్రవాళ్ళు నడిచి కూడా ఎక్కొచ్చు. రాళ్ళ దారి, నీడ ఉండదు, మధ్యాహ్నం పెట్టుకోవద్దు.

లొక్రుమ్ దీవికి పడవ, ప్రవేశం కలిపి దాదాపు కేబుల్ కార్ అంతే అవుతుంది. నెమళ్ళు, తోటలు, పాత మఠం ఉన్నాయి, రోజంతా గడపగలిగితే పరవాలేదు, రెండు గంటలకైతే దండగ. సముద్రంలో దిగడానికే అయితే లాపాద్ తీరంలో, కోటకు పడమట దాంచె రాళ్ళ దగ్గర టికెట్ లేదు.

లొక్రుమ్ బదులు మేము త్సావ్‌తాత్ వెళ్ళాం. 10 నంబరు బస్సు, ముప్పావుగంట లోపే, టికెట్ కొన్ని యూరోలు. పడవలో వెళ్తే అంతకు ఎన్నో రెట్లు. డుబ్రోవ్నిక్ కంటే పాతదైన ఎపిడారమ్ అనే పట్నం ఒకప్పుడు అక్కడే ఉండేది. ఇప్పుడు చిన్న రేవు, నీటి పక్కనే చదునైన నడక దారి, పైన్ చెట్ల కింద బెంచీలు. మెట్లు లేని చోటు కోసం చూసే పెద్దవాళ్ళకు ఇంతకంటే మంచి చోటు ఆ చుట్టుపక్కల నాకు కనిపించలేదు. అమ్మ ఆ రోజు నా కంటే ఎక్కువ నడిచింది.

మోస్తార్, కోటోర్‌లకు ఒక్కరోజు ట్రిప్పుల బోర్డులు ఊరంతా ఉంటాయి. మొదటిది బోస్నియా, రెండోది మాంటెనెగ్రో, రెండూ షెంగెన్ బయటే. అమ్మిన వాళ్ళు మన వీసా సంగతి అడగరు. మల్టిపుల్ ఎంట్రీ గానీ, యూరప్ దేశపు రెసిడెన్స్ కార్డు గానీ ఉన్నవాళ్ళు ఆ దేశాల నిబంధనలు చూసుకుని వెళ్ళండి. సింగిల్ ఎంట్రీ అయితే ఎంత చవకగా ఇస్తామన్నా ఎక్కొద్దు.