జాగ్రత్త: ఆ పసుపు రంగు స్టెప్ బిట్లతో స్టీలు సింకు జోలికి వెళ్లకండి

ఆన్‌లైన్‌లో పసుపు రంగులో మెరిసిపోతూ, మూడు కలిపి రూ.499కి కనిపించే స్టెప్ డ్రిల్ బిట్ల (మెట్లు మెట్లుగా లావయ్యే, ఒకే బిట్టుతో రకరకాల సైజు కన్నాలు చేసేవి) సెట్టు కొనబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. అమ్మినవాళ్ల పేరు రాయను. ఇలాంటి సెట్టే పదిమంది పది పేర్లతో అమ్ముతున్నారు, పేరు తెలిసినా మీకు ఉపయోగం లేదు.

మాది శ్రీకాకుళం. వంటింటి సింకుకి ఉన్న పాత కుళాయి తీసేసి, వేడినీళ్లూ చన్నీళ్లూ ఒకే పిడితో వచ్చే మిక్సర్ పెట్టాలని మా ఆవిడ కోరిక. పాతది అరంగుళం గొట్టానికి సరిపడే కుళాయి, దాని కన్నం 22 మిల్లీమీటర్లు. కొత్తదానికి 35 కావాలి. ప్లంబరు వచ్చి చూసి, "కన్నం మీరు పెద్దది చేయించి ఉంచండి సార్, నేనొచ్చి బిగించేస్తాను" అని వెళ్లిపోయాడు. చుట్టూ ఆరున్నర మిల్లీమీటర్ల వెడల్పున పల్చటి రేకు తియ్యడమే కదా, దీనికి వేరే మనిషెందుకు అనుకున్నాను.

సెట్టులో పెద్ద బిట్టు 35 వరకూ వెళ్తుందని రాశారు. హెచ్‌ఎస్‌ఎస్, కోబాల్ట్, టైటానియం అని మూడు మాటలూ ఒకే వరుసలో ఉన్నాయి. అక్కడే అనుమానం రావాల్సింది. హెచ్‌ఎస్‌ఎస్ అంటే హై స్పీడ్ స్టీల్, వేడెక్కినా త్వరగా పదును పోని ఉక్కు. కోబాల్ట్ అనేది బిట్టు చేసే ఉక్కులో కలిపేది. టైటానియం అనేది పైన వేసే పూత, అదీ కొన్ని మైక్రాన్ల మందం. ఆ పసుపు రంగు పూతదే. లోపల ఏ ఉక్కు ఉందో ఆ రంగు చెప్పదు.

పార్సిల్ వచ్చిన మర్నాడే నరసన్నపేటలో మేనకోడలి పెళ్లికి వెళ్లిపోయాం. తిరిగొచ్చి డబ్బా విప్పేసరికి తొమ్మిదో రోజు. రిటర్న్ గడువు ఏడు రోజులు.

24 దగ్గర మొదటి మెట్టు రేకుని తాకగానే కీచుమని అరుపు, పొగ. ఇంకాస్త నొక్కాను. బిట్టు అంచు నీలంగా మారింది, పసుపు పొరలుగా లేచిపోయింది. ఒక్కసారి రేకుని పట్టేసి మెషీను నా మణికట్టుని మెలితిప్పింది. బిట్టు జారి సింకు మీద జానెడు గీత పడింది. ఆ గీత ఇప్పటికీ ఉంది, దాని గురించి ఇంట్లో మాట్లాడుకోవడం మానేశాం.

తప్పు నాది కూడా ఉంది, దాచను. నా డ్రిల్లు నిమిషానికి 2800 చుట్లు తిరుగుతుంది, వేగం తగ్గించే ఏర్పాటు లేదు. 24 మిల్లీమీటర్ల దగ్గర ఆ వేగానికి బిట్టు అంచు నిమిషానికి రెండు వందల మీటర్లకు పైగా పరిగెడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలుకి మామూలు హెచ్‌ఎస్‌ఎస్ బిట్టైతే పది, పదిహేను మీటర్లు మించకూడదు. అంటే ఇక్కడ 150, 200 చుట్లు చాలు, పైగా కటింగ్ ఆయిల్ వెయ్యాలి. పైగా ఈ స్టీలుకి ఒక గుణం ఉంది: తెగకుండా రాపిడి పెడితే ఆ చోటు గట్టిపడిపోతుంది. తర్వాత మంచి బిట్టు పెట్టినా జారుతుంది.

సరే, నాదే తప్పేమోనని మిగిలిన చిన్న బిట్టు పట్టుకుని మా వీధి చివర వెల్డింగ్ షాపుకి వెళ్లాను. అక్కడి వెల్డరు దాన్ని నెమ్మదిగా తిరిగే మెషీనుకి బిగించి, ఆయిల్ వేసి, ఒక మిల్లీమీటరు మామూలు ఇనుప రేకు మీద పెట్టాడు. రెండు కన్నాలు తెగాయి. మూడోది తెగలేదు. అప్పుడు ఆ బిట్టునీ, తన పాత హెచ్‌ఎస్‌ఎస్ బిట్టునీ పక్కపక్కన గ్రైండర్‌కి తాకించాడు. ఆయనది కొద్దిగా, ఎర్రటి మందపు రవ్వలు రాల్చింది. నాది తెల్లగా చిట్లుతూ దీపావళి కాకరపువ్వొత్తిలా వెలిగిపోయింది. అలా చిట్లితే మామూలు కార్బన్ ఉక్కట. వేడెక్కితే దాని పదును అక్కడితో సరి.

"ఏటి బాబూ, పసుపు రాసేస్తే పెళ్లికూతురైపోద్దేటి?" అన్నాడు.

సింకు పని చివరికి ఆయనే చేశాడు, 35 మిల్లీమీటర్ల బై-మెటల్ హోల్ సాతో, అంటే అంచు చుట్టూ రంపపు పళ్లున్న గిన్నెలాంటి బిట్టుతో. ఇక్కడో చిక్కుంది. హోల్ సా మధ్యలో ఉండే పైలట్ బిట్టుకి పట్టు కావాలి, కానీ మధ్యలో అప్పటికే కన్నం ఉంది. ఆయన కన్నంలో సరిగ్గా పట్టేలా చెక్క బిరడా కొట్టి, కింద నుంచి ప్లైవుడ్ ముక్క క్లాంపుతో బిగించాడు. పైలట్ ఆ చెక్కలో దిగింది, హోల్ సా అటూ ఇటూ ఊగలేదు. నేను గట్టిపరిచిన అంచంతా లోపలి వృథా ముక్కలోనే పోయింది కాబట్టి బతికాను. అంచుని ఆకురాయితో రుద్ది, ఇనుప రజనంతా తడిగుడ్డతో తుడిచేశాడు. ఆ రజను వదిలేస్తే మర్నాటికి స్టీలు మీద తుప్పు మచ్చలు వస్తాయి. చేతులకు గుడ్డ గ్లవ్స్ వద్దన్నాడు, తిరిగే బిట్టు గుడ్డని లాక్కుంటుందట. కళ్లద్దాలు మాత్రం పెట్టుకోమన్నాడు. హోల్ సా, దాన్ని మెషీనుకి బిగించే కడ్డీ (ఆర్బర్), ఆయన కూలీ అన్నీ కలిపి రూ.950.

మీరు ఇప్పటికే ఇలాంటిది తెప్పించుకుని ఉంటే, గడువు దాటకముందే పనికిరాని రేకు ముక్క మీద పరీక్షించి, ఆ వీడియో తీసి పెట్టుకోండి. ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఎంఆర్‌పీ ఉండాలి. నా ప్యాకెట్ మీద రెండూ లేవు. వాడిన వస్తువు వెనక్కి తీసుకునేది లేదని అమ్మకందారు జవాబిచ్చాక, ఆ ఫొటోలతో ఆ సైట్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాశాను. 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు తేల్చాలి, 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. తేలకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాను. ఇవాళ్టికి పన్నెండు రోజులు, "పరిశీలనలో ఉంది" అనే మెసేజ్ దగ్గరే ఉంది.

మూడో బిట్టుని ప్లైవుడ్ మీద వాడి చూశాను. చెక్క బాగానే తెగుతోంది.