జపాన్‌కి మళ్లీ మళ్లీ వెళ్తే: పాత పేటా, కొత్త ఊరా?

జపాన్‌కి మళ్లీ వెళ్లినప్పుడు ఇదివరకు ఉన్న పేటలోనే దిగాలా, ప్రతిసారీ కొత్త ఊరు చూడాలా అంటే, నా ఓటు పాత పేటకే. కొత్త ఊళ్లో ప్రతిసారీ మనం మొదటిరోజు టూరిస్టే, రూల్ తెలీక ఏదైనా చేసినా చాలావరకు చూసీచూడనట్టు వదిలేస్తారు, అదో సుఖంలెండి. పాత పేటలో ఆ మినహాయింపు ఉండదు, పబ్లిక్ స్నానశాలలో ముందు కూర్చుని ఒళ్లంతా శుభ్రంగా కడుక్కుని, చిన్న టవల్ నీళ్లకి తగలకుండా పక్కన పెట్టి అప్పుడే తొట్టెలోకి దిగాలి, ఇదంతా మనకి అలవాటైపోయినా పక్కనున్న పెద్దాయన మాత్రం మనల్ని టూరిస్టుల్లాగే చూసి ఇంగ్లీష్‌లోనే పలకరిస్తాడు. పలకరించనీండి, ఏం పోయింది. క్యోటో నగరంలోని గియోన్ అనే పేటలో 2024లో ప్రైవేటు సందుల్లోకి టూరిస్టులు రావద్దు, వస్తే 10,000 యెన్ జరిమానా అని బోర్డులు పెట్టారు, మనం ఎన్నోసారి వచ్చామో ఆ బోర్డు అడగదు కదా. కొత్త ఊరి మీద మోజుంటే పొద్దున్నే రైలెక్కి రాత్రికి వచ్చేయొచ్చు.