జోర్డన్ విరామం నాటి బూట్లు: ఏ జత కొనడం మేలు?

1993 అక్టోబరు 6న మైకేల్ జోర్డన్ బాస్కెట్‌బాల్‌కు వీడ్కోలు చెప్పాడు. 1994లో బర్మింగ్‌హామ్ బారన్స్ జట్టులో 45వ నంబరు వేసుకుని బేస్‌బాల్ ఆడాడు. 1995 మార్చి 19న ఇండియానా పేసర్స్ మీద మళ్లీ తన పాత బాస్కెట్‌బాల్ జట్టు షికాగో బుల్స్ తరఫున దిగాడు. ఈ పదిహేడు నెలల గుర్తుగా ఒక జత దాచుకోవాలనుకునేవారి ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, ఆయన బేస్‌బాల్ మైదానంలో తొడిగిన స్పైక్స్, అంటే అడుగున ముళ్లున్న బూట్లు. నైకీ కంపెనీ ఆయన పేరుతో చేసే బాస్కెట్‌బాల్ బూట్ల వరుసలో తొమ్మిదోదైన ఎయిర్ జోర్డన్ 9ని బేస్‌బాల్‌కు తగ్గట్టు మార్చి చేసినవి. దొరకడమే అరుదు, దొరికినా ధర చాలా ఎక్కువ. సంతకం ఉంటే సరిపోదు. సంతకం ఎవరి జత మీదైనా చేయవచ్చు. తేదీ తెలిసిన మ్యాచ్ ఫొటో పక్కన పెట్టి తోలు మడతలు, కుట్టు వంకరలు, గీతలు ఒక్కొక్కటే పోల్చాలి. జోర్డన్ పాదం 13 సైజు. 10 సైజు జత చూపించి ఆయన వాడిందంటే అక్కడే ఆగిపోండి.

రెండోది, అప్పట్లో దుకాణాల్లో అమ్మిన అసలు జత. నా ఓటు దీనికే, అందులోనూ ఎయిర్ జోర్డన్ 10కి. దాన్ని తిరగేసి చూడండి: అడుగు అట్ట మీద 1985 నుంచి ఏడాదికో గీత, ఒక్కో గీతలో ఒక్కో ఘనత. 94 దగ్గర మాత్రం ‘బియాండ్’ (ఆవల) అన్న ఒక్క మాటే. ఆయన ఆటకు దూరమైన సంగతి బూటు అడుగునే రాసి ఉంది. తిరిగొచ్చాక న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో 55 పాయింట్లు కొట్టిందీ 10 తొడుక్కునే. మొదట వచ్చిన ‘స్టీల్’ రంగు జతలకు వేళ్ల మీద అదనపు తోలు పట్టీ ఉండేది. జోర్డన్‌కు నచ్చక తర్వాత తీసేశారు. పట్టీ ఉన్న జత దొరికితే వదలకండి.

పాత జత కొనేటప్పుడు అడుగు అట్టకూ పైభాగానికీ మధ్య ఉండే మెత్తని పొరను చూడాలి. ఎయిర్ జోర్డన్ 3, 4, 5 మోడళ్ల మధ్యపొరలో పాలీయూరిథేన్ అనే నురుగు ఉంటుంది. గాలిలోని తేమ దాన్ని లోలోపలే విరిచేసి, చివరికి పొడి చేస్తుంది. 10లో ఫైలాన్ అనే వేరే రకం నురుగు కాబట్టి ఆ భయం తక్కువ, కానీ ముప్పై ఏళ్ల జిగురు ఎండి అట్ట విడిపోతుంది. కొనేముందు ముందుభాగాన్ని వంచకండి, అంచు వెంట వేలితో మెల్లగా నొక్కి సందు వచ్చిందేమో చూడండి. కొత్త జత అట్ట తెచ్చి అతికించినవీ అమ్ముతుంటారు; పైభాగం పాతబడి అట్ట మాత్రం తెల్లగా మెరుస్తుంటే అనుమానించాలి.

మూడోది రీట్రో, అంటే పాత మోడల్‌ను కంపెనీ మళ్లీ చేసి అమ్మిన జత. 2014లో బారన్స్ రంగుల్లో 9 వచ్చింది. 2018లో వచ్చిన ‘కాంకర్డ్’ రంగుల ఎయిర్ జోర్డన్ 11 మడమ మీద 45 ఉంటుంది. 1995లో ఆయన ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) తొడిగిన జత మీదా అదే అంకె, అప్పటి దుకాణం జతల మీద మాత్రం ఆయన పాత నంబరు 23. తొడుక్కోవాలంటే 2018దే మంచిది, ఇంకా జిగురు పట్టు ఉంటుంది. దాని పారదర్శక అట్ట వెలుతురుకు పసుపెక్కుతుంది, ఎండ తగలనివ్వకండి.

ఏ జతైనా ప్లాస్టిక్‌లో బిగించి మూయకండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలోనైతే ఆమ్లం లేని కాగితం చుట్టి, గాలి ఆడే పెట్టెలో, గోడకు తగలకుండా, ఏసీ ఉండే గది అలమరలో పెట్టండి.