లండన్, సాల్స్‌బరీ: చర్చిల కంటే ముందు వాటి ప్రింట్లు

ఇంగ్లండ్ వెళ్లి పాత చర్చిలు చూసేవాళ్లకు నా సలహా ఒకటే. ముందు వాటి పాత ప్రింట్లు, అంటే రేకు మీద గీసి కాగితం మీద అచ్చేసిన బొమ్మలు, చూడండి. బ్రిటిష్ మ్యూజియం ప్రింట్స్ స్టడీ రూమ్‌లో ముందుగా బుక్ చేసుకుంటే, రూపాయి ఖర్చు లేకుండా అసలు ప్రింట్లే తెచ్చి టేబుల్ మీద పెడతారు. నోట్స్‌కి పెన్ను పనికిరాదు, పెన్సిలే. ఈ ట్రిప్‌లో అన్నిటికంటే మంచి సర్వీసు నాకు దొరికింది ఇక్కడే.

నేను అడిగింది హోలర్ బొమ్మలు. 1607లో ప్రాగ్‌లో పుట్టి లండన్ చేరిన ఈ చిత్రకారుడు, డగ్డేల్ అనే చరిత్రకారుడు 1658లో వేసిన లండన్ సెయింట్ పాల్స్ చర్చి చరిత్ర కోసం ఆ చర్చిని లోపలా బయటా రాగి రేకుల మీద గీశాడు. ఎనిమిదేళ్లకే, 1666 అగ్నిప్రమాదంలో అది కాలిపోయింది. ఇప్పుడు మనం టికెట్ కొని చూసేది ఆ తర్వాత ఆర్కిటెక్ట్ రెన్ కట్టిన చర్చి. బాగుంటుంది, కానీ హోలర్ చూపించిన ఆ పొడవాటి నడవ నా కళ్లలోంచి పోలేదు.

సాల్స్‌బరీకి వాటర్లూ నుంచి రైల్లో గంటన్నర. 1814లో జాన్ బ్రిటన్ అనే రచయిత వేసిన పుస్తకం కోసం అక్కడి పెద్ద చర్చిని ఫ్రెడరిక్ మెకెంజీ గీస్తే, ఆ బొమ్మల్ని జాన్ లె క్యూ అచ్చు కోసం రేకు మీద చెక్కాడు. ప్రింటు కింద ఎడమవైపు గీసినవారి పేరు, కుడివైపు చెక్కినవారి పేరు ఉంటాయి. ఇంకా పాత బొమ్మల్లో పక్కనే విడిగా ఒక గంట గోపురం కనిపిస్తుంది. 1790 ప్రాంతంలో ఆర్కిటెక్ట్ వయట్ దాన్ని తీసేయించాడు, ఇప్పుడక్కడ పచ్చికే. ఈ చర్చి మీద చిత్రకారుడు కాన్‌స్టబుల్ వేసిన చిత్రాన్ని డేవిడ్ లూకస్ మెజోటింట్‌గా (రేకును గరుకు చేసి వెలుగునీడలు తెచ్చే అచ్చు పద్ధతి) చేసింది కూడా చూడండి. రాతి పని కావాలంటే లె క్యూ, వాన మబ్బు కావాలంటే లూకస్.

123 మీటర్ల శిఖరం కింది టవర్ ఎక్కడానికి 332 మెట్లు. టూర్ టికెట్ వేరే. మోకాళ్ల నొప్పులుంటే వద్దు.

బస మాత్రం చర్చి ప్రాకారం లోపలే చూసుకోండి. నేను స్టేషన్ దగ్గర దిగిన హోటల్లో లిఫ్టు లేదు, రాత్రంతా రోడ్డు మోత, శాకాహారులకు పొద్దున టోస్టూ బీన్సూ. ఊళ్లో ఒక షాపులో పుస్తకాల్లోంచి కోసిన ప్రింట్లకు కొత్తగా రంగులద్ది రెట్టింపు ధర చెప్పారు. నలుపు తెలుపువే అడగండి.