గేర్‌బాక్స్ పోయిందన్నారు, పాడైంది ఎర్త్ వైరు: పాత ఆటోమేటిక్ కారుతో ఎనిమిదేళ్లు

నాది 2009 మోడల్ పెట్రోల్ సెడాన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. 2017లో విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి 52,000 కిలోమీటర్లు తిరిగింది, ఇప్పుడు మీటరు 1,31,000 చూపిస్తోంది. ఎడమ మోకాలికి దెబ్బ తగిలాక క్లచ్ తొక్కడం కష్టమై ఆటోమేటిక్ వైపు వచ్చాను. కంపెనీ పేరు రాయడం లేదు. టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు ఆయిల్ ద్వారా ఇంజన్ బలాన్ని గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న ఏ పాత కారుకైనా ఈ ఇబ్బందులు రావచ్చు.

ముందు మంచి మాట. ఊళ్లో ట్రాఫిక్‌లో ఈ కారు నడపడం చాలా హాయి. అనంతగిరి ఘాట్ మీదుగా అరకుకు పదిసార్లకు పైగా వెళ్లాను. ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే తనే కింది గేరుకు దిగుతుంది. దిగేటప్పుడు మాత్రం లివర్‌ను 2లో (రెండో గేరు దాటని స్థానం), బాగా వాలు ఉన్నచోట ఎల్‌లో (లో, అన్నిటికన్నా కింది గేరు) పెట్టాలి. డీలోనే (డ్రైవ్, మామూలుగా నడిపే స్థానం) వదిలేసి బ్రేకుల మీద దిగితే బ్రేకులు కాలిపోయిన వాసన వస్తుంది. మైలేజీ ఊళ్లో తొమ్మిది, హైవే మీద పద్నాలుగు. ఆటోమేటిక్ కొనేవాళ్లు దీనికి సిద్ధపడే కొనాలి.

ఇక అసలు సంగతి. 2019 వానాకాలంలో ఒక రాత్రి గాజువాక నుంచి ఇంటికి వస్తున్నాను. ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు, వెనక అద్దం హీటర్ అన్నీ ఆన్‌లో ఉన్నాయి. సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదిలేసరికి బండి బరువెక్కిపోయింది. మాన్యువల్ కారును మూడో గేరులో ఎత్తితే ఎలా మూలుగుతుందో అలా మూలిగింది. డ్యాష్‌బోర్డు మీద ఓవర్‌డ్రైవ్ (పై గేరు) లైటు ఆగి ఆగి వెలుగుతోంది. పక్కకు తీసి, ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడిచింది. వారంలో మూడుసార్లు ఇదే జరిగింది.

మూడోసారి జరిగిన మర్నాడు ఒక షెడ్డులో స్కానర్ పెడితే రెండు కోడ్‌లు వచ్చాయి: పి0700, పి0753. మొదటిది గేర్‌బాక్స్ వైపు ఏదో లోపం ఉందని మాత్రమే చెబుతుంది. రెండోది షిఫ్ట్ సాలినాయిడ్ (కరెంటుతో పనిచేసి గేరు మార్చే చిన్న వాల్వు) ‘ఎ’ కరెంటు దారిలో తేడా ఉందని చెబుతుంది. గేర్‌బాక్స్ దించాలి, 90 వేలు అవుతుందన్నారు. కారు విలువే అప్పటికి రెండు లక్షలు. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

నన్ను గట్టెక్కించింది మా వీధి చివర పాతికేళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్న ఒక పెద్దాయన. స్కానర్ కాగితం చూపించి, “బాబాయ్, గేర్‌బాక్స్ పోయిందంటున్నారు” అన్నాను. “గేరు సంగతి తర్వాత బాబూ, ముందు దానికి కరెంటు సరిగ్గా అందుతోందో లేదో చూద్దాం” అన్నాడు.

ఆయన చేసిన పరీక్షను ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు, ఆరేడు వందల రూపాయల మల్టీమీటర్ చాలు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ చూస్తే 12.6 వోల్టులు, అంటే పూర్తి ఛార్జి. ఇంజన్ నడుస్తుండగా 14.1, అంటే డైనమో కూడా బాగానే ఉంది. చాలామంది ఇక్కడితో ఆపేసి కరెంటు వైపు ఏమీ లేదని తేల్చేస్తారు. ఆయన ఆపలేదు. మీటరు తీగ ఒకటి బ్యాటరీ మైనస్ మొన మీద, రెండోది గేర్‌బాక్స్ లోహం మీద పెట్టి, నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. మీటరు 1.1 వోల్టు చూపించింది. 0.2 దాటకూడదు. ఆ రెండిటి మధ్య దారి తెగిపోవడానికి సిద్ధంగా ఉందన్నమాట.

బ్యాటరీ కింద, గేర్‌బాక్స్ బోల్టుకు బిగించిన ఎర్త్ వైరు (బ్యాటరీ మైనస్‌ను గేర్‌బాక్స్ లోహానికి కలిపే తీగ) పైకి కొత్తదిలా కనిపించింది. రబ్బరు కోస్తే లోపల రాగి పోగులు ఆకుపచ్చ పొడి అయిపోయి ఉన్నాయి. మా ఇల్లు సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపే. ఉప్పుగాలి వైరు చివరల నుంచి లోపలికి పాకుతుంది, బయటినుంచి చూస్తే తెలియదు.

దీనికీ గేరుకూ సంబంధమేమిటని నేనూ అడిగాను. నా కారు గేర్‌బాక్స్‌లో షిఫ్ట్ సాలినాయిడ్‌కు వచ్చే వైరు ఒక్కటే. కరెంటు తిరిగి వెళ్లే దారి గేర్‌బాక్స్ లోహమే. ఆ లోహానికి ఎర్త్ సరిగ్గా లేకపోతే సాలినాయిడ్‌కు అందే కరెంటు తగ్గుతుంది, కంప్యూటర్‌కు అది తెగిన వైరులా కనిపిస్తుంది. అప్పుడది సాలినాయిడ్‌లన్నిటినీ ఆపేసి, ఆయిల్ ప్రెషర్‌తో మాత్రమే పట్టుకునే ఒక్క గేరులో బండిని ఉంచేస్తుంది. నా కారులో అది మూడో గేరు. గేర్‌బాక్స్ నలిగిపోకుండా, బండి ఇంటికి చేరేలా పెట్టిన ఏర్పాటది. వానరాత్రి కరెంటు వాడకం ఎక్కువ, అందుకే అప్పుడే బయటపడింది.

కొత్త ఎర్త్ వైరు వేసి, బోల్టు తగిలే చోట తుప్పును ఎమరీ పేపర్‌తో గీకి, బిగించాక గ్రీజు రాశాడు. మళ్లీ కొలిస్తే 0.07 వోల్టు. ఖర్చు మొత్తం 650 రూపాయలు. ఆ కోడ్ ఇప్పటివరకూ తిరిగి రాలేదు.

రెండో పెద్ద సమస్య 2021లో. ఉదయం లివర్ పీలో (పార్కింగ్) ఉంటే సెల్ఫ్ తీసుకోదు, కిర్రుమని కూడా అనదు. అదే ఎన్‌లోకి (న్యూట్రల్) తెస్తే స్టార్ట్ అవుతుంది. కొన్నిసార్లు డ్యాష్‌బోర్డులో ఏ గేరులో ఉందో చూపే అక్షరం వెలగదు, రివర్స్ లైట్లు రావు. ఈ మూడూ కలిసి కనిపిస్తే బ్యాటరీనీ సెల్ఫ్ మోటారునీ అనుమానించి డబ్బు పోగొట్టుకోవద్దు. గేర్‌బాక్స్ పక్కన, లివర్ కేబుల్ తగిలే చోట ఉండే ఇన్‌హిబిటర్ స్విచ్‌ను చూడండి. లివర్ ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పేది అదే. నా కోడ్ పి0705. విప్పి కాంటాక్టులు శుభ్రం చేస్తే ఏడు నెలలు పనిచేసింది, తర్వాత కొత్తది వేశాను. బిగించేటప్పుడు లివర్ ఎన్‌లో ఉంచి, స్విచ్ మీది గీతను సరిగ్గా కలపాలి. కొంచెం పక్కకు జరిగినా మళ్లీ అదే కథ. ఇంకో మాట, ఆటోమేటిక్‌ను తోసి స్టార్ట్ చేయలేరు. లాగించాల్సి వస్తే ముందు చక్రాలు నేల మీద ఉంచి లాగనివ్వకండి. ఇంజన్ నడవకపోతే గేర్‌బాక్స్‌లో ఆయిల్ పంపు తిరగదు, లోపల పొడిగా అరిగిపోతుంది. బండిని పూర్తిగా ఎక్కించుకునే ట్రక్కునే పిలవండి.

లివర్ పీ నుంచి అసలు కదలకపోవడం ఒకసారి జరిగింది. బ్రేక్ తొక్కినట్టు బ్రేక్ లైట్ల వైపు నుంచి కరెంటు అందితేనే లివర్ తాళం వదులుతుంది. బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయేమో చూస్తే వెలగడం లేదు. బ్రేక్ లైట్ ఫ్యూజు పోయింది, పది రూపాయల పని.

నాలుగు రోజులు ఊరెళ్లి వస్తే బ్యాటరీ డౌన్ అవుతుండేది. బండి ఆపి, అరగంట తర్వాత మైనస్ వైపు మీటరు వరసలో పెట్టి కొలిస్తే 320 మిల్లీ ఆంపియర్లు లాగుతోంది. యాభై లోపు ఉండాలి. ఫ్యూజులు ఒక్కొక్కటీ తీస్తూ పోతే, పాత యజమాని నేరుగా బ్యాటరీకి కలిపిన స్టీరియో యాంప్లిఫయర్ దొరికింది. రోజుకు ఏడున్నర ఆంపియర్ అవర్లు పోతే 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ నాలుగో రోజుకు ఏం నిలుస్తుంది?

గేర్ ఆయిల్ సంగతి. ‘జీవితాంతం మార్చక్కర్లేదు’ అనే మాట నేను నమ్మను, మా ఎండల్లో అసలు నమ్మను. కొన్నప్పుడే ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది. కింద బోల్టు విప్పితే సగం లోపే దిగుతుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకే మూడు వందల కిలోమీటర్లకోసారి చొప్పున మూడుసార్లు మార్పించాను. ఇప్పుడు 40,000కు ఒకసారి మారుస్తున్నాను. డబ్బా మీద బండి పుస్తకంలో చెప్పిన రకమే ఉండాలి, ‘అన్నిటికీ సరిపోతుంది’ అన్నది నేను ఎప్పుడూ పోయించలేదు. నా కారులో లెవెల్ చూడాలంటే పదిహేను ఇరవై కిలోమీటర్లు నడిపి, సమతలం మీద ఇంజన్ ఆన్‌లోనే ఉంచి, బ్రేక్ తొక్కి లివర్‌ను అన్ని స్థానాలకూ ఒకసారి తిప్పి, తిరిగి పీలో పెట్టి డిప్‌స్టిక్ తీయాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి ఎక్కువ పోసేస్తే అదొక కొత్త రోగం.

నిజంగా గేర్‌బాక్స్ పాడైతే లక్షణాలు వేరు. ఇంజన్ అరుస్తుంది కానీ వేగం పెరగదు, ఆయిల్ మాడు వాసన కొడుతుంది, కింది ప్యాన్ విప్పితే లోహపు తునకలు కనిపిస్తాయి. ఇవి ఉంటే ఎర్త్ వైరు మార్చి లాభం లేదు. ఇవి లేకుండా గేర్‌బాక్స్ దించుతామని ఎవరైనా అంటే, దించకముందు పైన చెప్పిన ఎర్త్ పరీక్ష మీ కళ్ల ముందు చేయమని అడగండి.

నా కారులో గేర్‌బాక్స్ తప్పు ఒకటి మాత్రం ఉంది. చలికాలం ఉదయాల్లో రివర్స్ పడటానికి రెండు సెకన్లు పడుతుంది. లోపలి సీళ్లు గట్టిపడ్డాయి. ఆయిల్ మార్చాక తగ్గింది కానీ పోలేదు. ఆ రెండు సెకన్లూ యాక్సిలరేటర్ ముట్టుకోకుండా, బ్రేక్ మీద కాలుంచి ఆగుతాను. గేరు పడిన చిన్న కుదుపు తెలిశాకే బండిని వెనక్కి తీస్తాను.